మైక్రోటిక్ హెక్స్ రౌటర్: కొన్నేళ్లు టెర్మినల్‌లోంచి నడిపాక

'నెట్ రావట్లేదు' అని కబురొస్తే ముందు తేలాల్సింది ఒక్కటే: తప్పు మన గోడకి ఇవతల ఉందా, అవతల ఉందా. శ్రీకాకుళం నుంచి పలాస దాకా చిన్న ఆఫీసులు, స్కూళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలకి నెట్‌వర్క్ చూసేవాళ్ల టైమంతా ఈ ఒక్క సంగతి తేల్చడానికే పోతుంది. మైక్రోటిక్ హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్, దాన్ని రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది. అయితే టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే తెర, తెరిచి అడగాలి. లైట్లు చూసి ఊహించేవాళ్లకి ఈ డబ్బా ఇంకే రౌటరూ ఇవ్వనిది ఏమీ ఇవ్వదు.

డబ్బా చిన్నదే. 880 మెగాహెర్ట్జ్ రెండు కోర్ల ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్, ఐదు గిగాబిట్ పోర్టులు. ఫ్యాన్ లేదు, వైఫై లేదు. వైఫై కావాలంటే వేరే యాక్సెస్ పాయింట్ పెట్టుకోవాలి, అది లోపం కాదు. రౌటర్ ఒక మూల, వైఫై మధ్య గదిలో ఉండటమే మంచిది. లోపల నడిచేది రౌటర్‌ఓఎస్ అనే మైక్రోటిక్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్. ఇక్కడ చెప్పేదంతా ఏడో వెర్షన్ గురించి. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే. సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది, ఎఫ్1 నొక్కితే అక్కడ ఏమేం కొట్టొచ్చో చూపిస్తుంది.

మొదటి రోజు అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. మన దగ్గర ఫైబర్ కనెక్షన్లు చాలావరకు పీపీపీఓఈ మీదే, అంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి కలిసే పద్ధతిలోనే, నడుస్తాయి. ఓఎన్‌యూని (ఆపరేటర్ పెట్టే ఫైబర్ డబ్బాని) బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని చేయకుండా లైనును దాటించేలా, పెట్టించుకుని, దాని వైరు ఈథర్1కి (మొదటి పోర్టుకి) గుచ్చి, '/ఇంటర్‌ఫేస్ పీపీపీఓఈ-క్లయింట్ యాడ్' కమాండ్‌లో యూజర్, పాస్‌వర్డ్, ఇంటర్‌ఫేస్=ఈథర్1, యాడ్-డిఫాల్ట్-రౌట్=యెస్, యూజ్-పీర్-డీఎన్ఎస్=యెస్, డిజేబుల్డ్=నో అని ఇస్తాం. లైను కలుస్తుంది. రౌటర్‌లోంచి పింగ్ (అవతలినుంచి బదులొస్తుందో లేదో చూసే చిన్న ప్యాకెట్) వెళ్తుంది. కానీ కంప్యూటర్లలో ఏ పేజీ తెరుచుకోదు. కారణం ఏంటంటే, ఫ్యాక్టరీ సెట్టింగుల్లోని మాస్క్వెరేడ్ రూలు (లోపలి ఐపీలను బయటి ఐపీగా మార్చి పంపేది) వ్యాన్ (బయటి నెట్ వైపు) అనే ఇంటర్‌ఫేస్ లిస్టులో ఉన్నవాటికే పనిచేస్తుంది. ఆ లిస్టులో ఈథర్1 ఉంటుంది, చేత్తో పుట్టించిన పీపీపీఓఈ కనెక్షన్, అంటే పీపీపీఓఈ-అవుట్1, ఉండదు. '/ఇంటర్‌ఫేస్ లిస్ట్ మెంబర్ యాడ్ లిస్ట్=వ్యాన్ ఇంటర్‌ఫేస్=పీపీపీఓఈ-అవుట్1' అని ఒక లైను కొడితే అంతా కదులుతుంది. ఇది తెలియక చాలామంది మాస్క్వెరేడ్ లాంటి కొత్త నాట్ రూలొకటి రాసేస్తారు. నెట్ అప్పటికి వస్తుంది గానీ, బయటనుంచి వచ్చేదాన్ని ఆపే ఫార్వర్డ్ రూలు కూడా అదే లిస్టు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి తలుపు సగం తెరిచి వదిలేసినట్టే.

దూరం నుంచి పనిచేసేవాళ్లకి ఈ రౌటర్‌లో అన్నిటికన్నా విలువైనది సేఫ్ మోడ్. కంట్రోల్-ఎక్స్ నొక్కితే ప్రాంప్ట్‌లో సేఫ్ అన్న మాట కనిపిస్తుంది. అక్కడినుంచి చేసిన మార్పుల వల్ల మన కనెక్షన్ తెగిపోతే ఆ మార్పులన్నీ వాటంతటవే వెనక్కి పోతాయి. అంతా బాగుంటే మళ్లీ కంట్రోల్-ఎక్స్ కొట్టి ఖాయం చేయాలి. శ్రీకాకుళంలో కూర్చుని ఇచ్ఛాపురంలో ఉన్న ఫైర్‌వాల్ మారుస్తున్నప్పుడు ఇది లేకపోతే బస్సెక్కాల్సిందే. దీనిలో తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. కనెక్షన్ తెగిన క్షణంలోనే వెనక్కి పోదు, కనెక్షన్ చచ్చిందని రౌటర్ తేల్చుకునే టీసీపీ టైమ్‌అవుట్ అయ్యేదాకా, అంటే 9 నిమిషాల వరకు ఆగాలి. ఆ లోపల కంగారుపడి అక్కడివాళ్లకి ఫోన్ చేసి పవర్ తీయించక్కర్లేదు. రెండోది, హిస్టరీలో నిలిచేవి చివరి 100 పనులే. పెద్ద కాన్ఫిగరేషన్ మొత్తం ఒకేసారి పేస్ట్ చేస్తే ఆ లెక్క దాటిపోయి సేఫ్ మోడ్ దానంతటదే తప్పుకుంటుంది, ఏదీ వెనక్కి రాదు. ముక్కలుముక్కలుగా వేసి, మధ్యమధ్యలో ఖాయం చేసుకుంటూ పోవడమే పద్ధతి.

ఇక మొదట అన్న ప్రశ్న, ఇవతలా అవతలా అన్నది. '/లాగ్ ప్రింట్' కొట్టి చివరి లైన్లు చూడాలి. 'ఈథర్1 లింక్ డౌన్' అని ఉంటే ఓఎన్‌యూకి కరెంటు లేదు, లేదా రెండిటి మధ్య వైరు పోయింది. అది మన తప్పే. ఈథర్1 నిలకడగా ఉండి, పీపీపీఓఈ-అవుట్1 దగ్గర 'టెర్మినేటింగ్, పీర్ ఈజ్ నాట్ రెస్పాండింగ్' అని ఉంటే తప్పు ఫైబర్‌ది గానీ ఆపరేటర్ వైపుది గానీ. ఆథెంటికేషన్ ఫెయిల్ అని వస్తే ప్యాక్ అయిపోయి ఉంటుంది, లేదా పాస్‌వర్డ్ మార్చి ఉంటారు. ఈ లైన్లు టైముతో సహా ఫోటో తీసి ఆపరేటర్‌కి పంపితే వాదన ఉండదు. 'మీ రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి' అన్న మాట కూడా ఉండదు.

ఆ టైము నమ్మేటట్టు ఉండాలంటే ఒక పని ముందే చేసి పెట్టాలి. దీనిలో బ్యాటరీ గడియారం లేదు. '/సిస్టమ్ క్లాక్ సెట్ టైమ్-జోన్-నేమ్=ఏషియా/కోల్‌కతా' అని కొట్టి, నెట్ నుంచి టైము తెచ్చుకునే ఎన్‌టీపీ క్లయింట్ ఆన్ చేయకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లాగ్‌లో తేదీలు తప్పుగా పడతాయి. పైగా లాగ్ ఉండేది ర్యామ్‌లో, 1000 లైన్లే. కరెంటు పోతే అదీ పోతుంది. కరెంటు పోవడానికి ముందు ఏం జరిగిందో తెలియాలంటే '/సిస్టమ్ లాగింగ్ యాక్షన్ సెట్ రిమోట్ రిమోట్=' తర్వాత ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఐపీ ఇచ్చి, కావాల్సిన టాపిక్‌లను అటు మళ్లించాలి. ఇలా పంపే లాగ్‌ని సిస్‌లాగ్ అంటారు, అది యూడీపీ 514 పోర్టు మీద వెళ్తుంది. రౌటర్ ఫ్లాష్ మీదే లాగ్ రాయించడం నాకు నచ్చదు. 16 ఎంబీలో ఏడో వెర్షన్ కూర్చున్నాక మిగిలేది చాలా తక్కువ, రోజూ రాస్తుంటే ఫ్లాష్ అరుగుతుంది కూడా.

వైరు సంగతికి '/ఇంటర్‌ఫేస్ ఈథర్‌నెట్ మానిటర్ ఈథర్3 వన్స్'. రేట్ దగ్గర 1 జీబీపీఎస్ ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్ అని కనిపిస్తే, అవతలి పరికరం గిగాబిట్‌దే అయితే, వైరులో ఒక జత తెగినట్టే. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఆర్‌జే45 పిన్నులు పచ్చబడతాయి, ఈ లక్షణం అక్కడ ఎక్కువ. '/ఇంటర్‌ఫేస్ ఈథర్‌నెట్ ప్రింట్ స్టాట్స్'లో ఆర్ఎక్స్-ఎఫ్‌సీఎస్-ఎర్రర్ అంకె (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) గంటగంటకీ పెరుగుతుంటే స్పీడు టెస్టులు మానేసి కనెక్టర్ కోసి కొత్తది క్రింప్ చేయడం మేలు.

సాయంత్రం నెట్ నెమ్మదైంది అంటే '/టూల్ టార్చ్ ఇంటర్‌ఫేస్=బ్రిడ్జ్ సోర్స్-అడ్రస్=0.0.0.0/0' అని కొట్టాలి. ఇక్కడ బ్రిడ్జ్ అంటే లోపలి పోర్టులన్నిటినీ కలిపిన గుంపు. ఏ ఐపీ ఎంత లాగుతోందో, ఎంత పంపుతోందో సెకను సెకనుకీ కదులుతూ కనిపిస్తుంది. ఫ్యాక్టరీల్లో తరచుగా దొరికే దొంగ ఎవరంటే సీసీ కెమెరాల రికార్డరే. 192.168.88.20 దగ్గర అప్‌లోడ్ మాత్రమే 18 ఎంబీపీఎస్, డౌన్‌లోడ్ దాదాపు సున్నా, రాత్రీ పగలూ అంతే. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ప్లాన్‌లో అది చాలు అందరి డౌన్‌లోడూ పడిపోవడానికి. డౌన్‌లోడ్‌కి కూడా అందినట్టు చెప్పే చిన్న ప్యాకెట్లు పైకి వెళ్లాలి, ఆ దారి రికార్డర్‌తో నిండిపోయి ఉంటుంది. ఒకే స్విచ్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య ట్రాఫిక్ మాత్రం రౌటర్ ప్రాసెసర్ దాకా రాదు కాబట్టి టార్చ్‌లో కనపడదు.

అప్పుడు '/క్యూ సింపుల్ యాడ్ టార్గెట్=192.168.88.20/32 మ్యాక్స్-లిమిట్=4ఎం/10ఎం' అని కళ్లెం వేస్తాం. ముందుది అప్‌లోడ్, తర్వాతది డౌన్‌లోడ్. క్యూ పెట్టినా ఏమీ తగ్గలేదని అనేవాళ్లు చాలామంది. ఫ్యాక్టరీ ఫైర్‌వాల్‌లో ఫాస్ట్‌ట్రాక్ అనే రూలుంటుంది. దాని గుండా పోయే ట్రాఫిక్ సింపుల్ క్యూలను తాకకుండానే వెళ్లిపోతుంది. ఆ రూలు డిజేబుల్ చేసి, నడుస్తున్న కనెక్షన్లను '/ఐపీ ఫైర్‌వాల్ కనెక్షన్ రిమూవ్' తో ఒకసారి తీసేస్తే క్యూ పట్టుకుంటుంది. ఫాస్ట్‌ట్రాక్ తీసేస్తే ప్రాసెసర్ మీద బరువు పెరుగుతుంది. 100, 200 ఎంబీపీఎస్ లైన్లకి హెక్స్ ఆ బరువు మోస్తుంది. అంతకు మించిన లైను, పదుల క్యూలు కావాలంటే పెద్ద మోడల్‌కి వెళ్లాలి.

ప్రాసెసర్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. '/సిస్టమ్ రిసోర్స్ ప్రింట్'లో సీపీయూ లోడ్ 25 శాతం అని చూసి ధీమాగా ఉండకూడదు. హెక్స్‌లో కోర్లు రెండైనా థ్రెడ్లు (సిస్టమ్‌కి విడి ప్రాసెసర్లుగా కనిపించేవి) నాలుగు, ఒక్కటి పూర్తిగా నిండినా సగటు 25 దగ్గరే కనిపిస్తుంది. '/సిస్టమ్ రిసోర్స్ సీపీయూ ప్రింట్' విడివిడిగా చూపిస్తుంది. '/టూల్ ప్రొఫైల్' ఆ బరువు ఫైర్‌వాల్‌దా, క్యూలదా, డీఎన్ఎస్‌దా (సైటు పేర్లకి ఐపీ చెప్పే పనిదా) అన్నది చెప్తుంది. డీఎన్ఎస్ వాటా అకారణంగా పెరిగితే బయటివాళ్లు మన రౌటర్‌ని డీఎన్ఎస్ సర్వర్‌గా వాడుకుంటున్నారేమో చూడాలి.

రెండో లైను దగ్గర కొంచెం ఓపిక కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలతో పాటు వాటి మీద వేలాడే ఫైబర్ కూడా పోయింది. ఏటా వచ్చే చిన్న గాలివానలకీ అదే జరుగుతుంది. అందుకని 4జీ రౌటర్ ఒకటి ఈథర్2కి తగిలించి పెట్టడం అలవాటు. ఈథర్2 మొదట బ్రిడ్జ్‌లో ఉంటుంది, దాన్ని బ్రిడ్జ్ పోర్టుల్లోంచి తీసి, వ్యాన్ లిస్టులో చేర్చి, ఐపీ అడిగి తెచ్చుకునే డీహెచ్‌సీపీ క్లయింట్ పెట్టి డిఫాల్ట్-రౌట్-డిస్టెన్స్=2 (అంకె చిన్నదైన దారికే ముందు వంతు) ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌ను ఈథర్2కి కాక ఈథర్5కి పెట్టుకుని చేయాలి, లేకపోతే కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు.

ఫైబర్ పూర్తిగా తెగితే పీపీపీఓఈ పడిపోయి 4జీ దానంతటదే అందుకుంటుంది. చిక్కంతా పీపీపీఓఈ నిలబడి ఉండి, ఆపరేటర్‌కి పైనున్న లింకు పోయినప్పుడే. దానికి రికర్సివ్ రౌట్, అంటే దూరాన ఉన్న ఒక ఐపీ అందుతోందా అని చూసుకునే దారి, రాయాలి. పీపీపీఓఈలో యాడ్-డిఫాల్ట్-రౌట్=నో చేసి, 1.1.1.1/32కి గేట్‌వే=పీపీపీఓఈ-అవుట్1, స్కోప్=10 అని ఒక రౌట్; 0.0.0.0/0కి గేట్‌వే=1.1.1.1, డిస్టెన్స్=1, టార్గెట్-స్కోప్=11, చెక్-గేట్‌వే=పింగ్ అని ఇంకొకటి. పింగ్ 10 సెకన్లకోసారి వెళ్తుంది, రెండు తప్పితే రౌట్ మారుతుంది. ఇలా వాడిన 1.1.1.1ని మళ్లీ డీఎన్ఎస్‌గా పెట్టకూడదు. దాని దారి చచ్చిన లైను మీదికే కట్టేశాం కాబట్టి నెట్ మారినా పేర్లు తెరుచుకోవు. మారాక కొన్ని యాప్‌లు పాత కనెక్షన్‌నే పట్టుకుని వేలాడతాయి, ముఖ్యంగా కాల్స్. నిమిషంలో తేరుకోకపోతే కనెక్షన్ల టేబుల్ ఖాళీ చేయడమే మందు.

కరెంటు విషయంలో ఈ డబ్బా మన ప్రాంతానికి కుదిరినంతగా నేను వాడిన వేరేవి కుదరలేదు. 8 నుంచి 30 వోల్టుల డీసీ ఏదిచ్చినా నడుస్తుంది. 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ మీదికి నేరుగా కట్టొచ్చు. ఆ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటే సగమే వాడుకుందాం, 42. రౌటర్, ఓఎన్‌యూ కలిపి 13 వాట్లు అనుకుంటే మూడు గంటలు. హెక్స్‌కి చార్జింగ్ వోల్టేజ్ 13.8కి పోయినా బెంగ లేదు, ఓఎన్‌యూకి మాత్రం 12 వోల్టులు నిలకడగా ఇచ్చే అమరిక ఉండాలి. '/సిస్టమ్ హెల్త్ ప్రింట్' వోల్టేజ్ చూపిస్తుంది, అది 11.5కి దిగితే బ్యాటరీ పని అయిపోయిందని ఇంట్లోంచే తెలుస్తుంది.

పిడుగుల కాలంలో పోర్టులు పోవడం మామూలే. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి గాల్లో లాగిన రాగి వైరే ఎక్కువసార్లు కారణం. అక్కడ ఫైబర్ ముక్క, రెండు మీడియా కన్వర్టర్లు (రాగి వైరుని ఫైబర్‌కి కలిపే డబ్బాలు) పెట్టడమే నిఖార్సైన పరిష్కారం. రౌటర్ పోయినప్పుడు గంటలో కొత్తది నిలబెట్టాలంటే '/ఎక్స్‌పోర్ట్ షో-సెన్సిటివ్ ఫైల్=' తో తీసిన ఫైలు వేరే చోట ఉండాలి. ఏడో వెర్షన్‌లో షో-సెన్సిటివ్ అనకపోతే పీపీపీఓఈ పాస్‌వర్డ్ ఫైలులోకి రాదు. యూజర్ల పాస్‌వర్డ్‌లు అయితే ఎలాగూ రావు. కొత్త డబ్బాలో '/సిస్టమ్ రీసెట్-కాన్ఫిగరేషన్ నో-డిఫాల్ట్స్=యెస్' చేశాకే ఇంపోర్ట్ చేయాలి, లేకపోతే ఫ్యాక్టరీ సెట్టింగులతో గుద్దుకుని మధ్యలో ఆగిపోతుంది. ఫైలులో బ్రిడ్జ్‌కి పాత అడ్మిన్-మ్యాక్ (పాత డబ్బా హార్డ్‌వేర్ అడ్రస్) ఉంటే మార్చుకోవాలి.

భద్రతకి ఎక్కువ పని లేదు, కానీ వాయిదా వేయకూడదు. 2018లో, రౌటర్‌ని కంప్యూటర్ నుంచి నడిపే విన్‌బాక్స్‌లో దొరికిన లోపాన్ని కంపెనీ ఏప్రిల్‌లోనే సరిచేసింది. అప్‌డేట్ చేయనివాళ్ల రౌటర్లే ఆ తర్వాత నెలల తరబడి పరుల చేతుల్లోకి పోయాయి. '/ఐపీ సర్వీస్' కింద టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, ఏపీఐ ఆపేసి, దూరం నుంచి టెర్మినల్ తెరిచే ఎస్ఎస్‌హెచ్‌కీ విన్‌బాక్స్‌కీ లోపలి ఐపీలే పెట్టాలి. '/సిస్టమ్ ప్యాకేజ్ అప్‌డేట్ ఇన్‌స్టాల్' అయ్యాక '/సిస్టమ్ రౌటర్‌బోర్డ్ అప్‌గ్రేడ్' కూడా కొట్టి రీబూట్ చేయాలి. రెండోది చాలామంది వదిలేస్తారు. అప్‌డేట్‌కి ముందు ఫైల్స్‌లోని పాత బ్యాకప్‌లు తీసేయకపోతే చోటు చాలదని మొండికేస్తుంది.

లోపాలు: సీరియల్ కన్సోల్ పోర్టు లేదు. ఐపీ పోగొట్టుకుంటే విన్‌బాక్స్‌లో మ్యాక్ అడ్రస్ మీద ఎక్కడమో, పక్కనున్న ఇంకో మైక్రోటిక్ నుంచి మ్యాక్-టెల్‌నెట్ చేయడమో దారి. ఫర్మ్‌వేర్ పాడైతే నెట్‌ఇన్‌స్టాల్ (ల్యాప్‌టాప్ నుంచి వైరు మీద సిస్టమ్ మళ్లీ ఎక్కించడం) చేయాలి. అది ఈథర్1 మీదే జరుగుతుంది, రీసెట్ బటన్ నొక్కి ఉంచి పవర్ ఇవ్వాలి, ల్యాప్‌టాప్‌లో వైఫై, ఫైర్‌వాల్ ఆపి ఉంచాలి. అడాప్టర్ పిన్ను కాలం గడిచేకొద్దీ వదులవుతుంది, వైరు బరువు దాని మీద పడకుండా గోడకి క్లిప్పు కొట్టడం మంచిది. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ మాత్రమే ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు, ఆపరేటర్ ఇచ్చిన డబ్బా చాలు. ఇరవై మంది పనిచేసే చోట, కెమెరాలు, బిల్లింగ్ ఒకే లైను మీద నడిచే చోట, కమాండ్లు నేర్చుకునే మనిషి ఒక్కరున్నా ఇదే కొనమంటాను. ఒకటి కాదు, రెండు కొనమంటాను. రెండోదాంట్లో అదే కాన్ఫిగరేషన్ ఎక్కించి బీరువాలో పెట్టాలి.