సేవ్ ద డేట్ కార్డుల ఆన్‌లైన్ సర్వీస్: డిజైన్ సూపర్, మ్యాటర్ దగ్గరే తేడా

పెళ్లి తేదీ ముందే చెప్పి, ఆ రోజు ఖాళీగా ఉంచుకోమని అసలు ఆహ్వానానికి ముందు పంపేదే సేవ్ ద డేట్ కార్డు. వాటిని చేసిచ్చే ఈ సర్వీస్‌లో డిజైన్ల విషయంలో వంక పెట్టడానికేం లేదు. ఫొటో పెట్టగానే కార్డు రెడీ, అక్షరాలు పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోకుండా చదివేంత స్పష్టంగా ఉన్నాయి. గొడవంతా వాళ్లు ముందే రాసిపెట్టిన మ్యాటర్‌తోనే. సేవ్ ద డేట్‌లో ఇద్దరి పేర్లు, తేదీ, ఊరు, 'ఆహ్వాన పత్రిక తర్వాత పంపుతాం' అన్న ఒక్క ముక్క ఉంటే చాలు కదా, వీళ్లు హాలు అడ్రసు, వస్తున్నారో లేదో చెప్పమనడం, ఆఖరికి గిఫ్టుల లింకు కూడా ఇరికించారు. కార్డు మీద గిఫ్టుల మాటేంటండీ, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుంది! తీసేయొచ్చు, కానీ ఆ ఖాళీని మళ్లీ మనమే సర్దుకోవాలి.

బాగా నచ్చింది అడ్రస్ లిస్టు. ఏ కవరు మీద ఎవరి పేర్లుండాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. 'కుటుంబ సమేతంగా' అంటే పిల్లలతో సహా పిలిచినట్టే, ఇద్దరి పేర్లే రాస్తే ఆ ఇద్దరికే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఈ కార్డు అందినవాళ్లందరికీ తర్వాత ఆహ్వానం పంపి తీరాలి, అందుకే లిస్టు తేలకుండా ఆర్డర్ పెట్టకండి. పెళ్లికి 6 నుంచి 8 నెలల ముందు పంపితే సరిపోతుంది, దూరప్రయాణమైతే ఇంకాస్త ముందే.

డెలివరీ మామూలే. ప్రింట్‌కి వెళ్లాక తేదీ మార్చనివ్వరు, హాలు ఖాయమయ్యాకే బటన్ నొక్కండి.