కావలిలో తనఖా రాయించాం: రాత బాగుంది, టైపింగే కొంప ముంచేది

కావలి రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మేం పట్టుకున్న డాక్యుమెంట్ రైటర్ పాత ప్లీడరు గుమస్తా, పేరెందుకులే. నాన్న పేరున ఉన్న ఎకరన్నర మాగాణి పెట్టి, తెలిసినాయన దగ్గర నాలుగు లక్షలు తీసుకోవాలి, అదీ పని.

కూర్చోగానే "స్వాధీనమా, వట్టి తనఖానా అబ్బయ్యా?" అన్నాడు. వట్టిదైతే పొలం మన చేతిలోనే ఉంటుంది, స్వాధీనమైతే అప్పిచ్చినాయనే పండించుకుంటాడు. అవతలాయన స్వాధీనమే కావాలని పట్టు. "సరే, ఆ పంట ఒట్టి వడ్డీకేనా, అసల్లో కూడా తగ్గుతుందా? అది తేల్చుకోకుంటే మార్ట్‌గేజ్ పేరు నిలబెట్టుకుంటుంది" అని నవ్వాడు. మార్ట్ అంటే చచ్చినది, గేజ్ అంటే తాకట్టు, పాత ఫ్రెంచి మాటలంట.

ఖాళీగా కూర్చుని ఫోన్‌లో వెతికితే నిజమే! 12వ శతాబ్దపు ఇంగ్లండులో, భూమి మీద వచ్చే ఫలసాయాన్ని అప్పులో తగ్గించకపోతే దాన్ని చచ్చిన తాకట్టు అనేవాళ్లు. 15వ శతాబ్దంలో లిటిల్టన్ అనే జడ్జి ఇంకో అర్థం చెప్పాడు: అప్పు కట్టకపోతే భూమి మనకు చచ్చినట్టు, కట్టేస్తే తాకట్టు అవతలివాడికి చచ్చినట్టు. నాకు మొదటిదే నచ్చింది, వడ్లు పండించేవాడికి ఎక్కేది అదే. మన 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ కూడా పంటను వడ్డీ కింద గానీ, అసలు కింద గానీ, కొంత దానికీ కొంత దీనికీ గానీ జమ వేసుకోనిస్తుంది. మేం సగం అసలుకని, పుట్టి ధర కోతనాటి రేటు ప్రకారమని రాయించాం, అవతలాయన మొహం మాడిపోయింది.

ఇక టైపింగ్. సర్వే నంబరు 214కి బదులు 241 కొట్టాడు కుర్రాడు, నేను చూడకపోతే ఎవరి పొలమో తాకట్టు పెట్టి ఇంటికొచ్చేవాళ్లం. దిద్ది మళ్లీ ప్రింట్ తీసేసరికి భోజనాల వేళ, పని అయ్యేసరికి సాయంత్రం నాలుగున్నర, అప్పటిదాకా నాన్నకి ఒకటే టెన్షన్. రైటరు పెద్దాయన సారీ అనలేదు గానీ టీ ఇప్పించాడు, ముందు చెప్పిన ఫీజు మీద రూపాయి కూడా ఎక్కువ అడగలేదు. అప్పు తీరాక రసీదు రిజిస్టర్ చేయించుకోండి, లేకపోతే ఈసీలో, అంటే పొలం మీద తాకట్లున్నాయో లేదో చూపే సర్టిఫికెట్‌లో, అప్పు అట్నే కనపడుతుందని కూడా చెప్పాడు.

ఆయనకి నా మార్కులు ఐదుకి మూడున్నర. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, నంబర్లు మీరే రెండుసార్లు చదువుకోండి, జిరాక్సులు బయట తీయించుకోండి, ఆయన మిషను సగం నల్లగా తీస్తుంది.