ఫెయిలైన ఏడాది తర్వాత: కాలేజీ మారడమా, ఉన్నచోటే నిలదొక్కుకోవడమా?

రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రాత్రి నేను చేసిన మొదటి పని వేరే కాలేజీల వెబ్‌సైట్లు తెరవడం. ఆ ఏడాది చదివిన పది సబ్జెక్టుల్లో ఐదు పోయాయి. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 4కి 1.2. ఇంట్లో ఇంకా చెప్పలేదు. తెల్లారేసరికి మూడు కాలేజీల అప్లికేషన్లు సగం సగం నింపి పెట్టాను. ఏ కోర్సు, ఎంత ఫీజు, ఏవీ సరిగా చూడలేదు. నా మార్కుల సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేని చోటికి పోతే చాలనిపించింది.

ఆ వారంలోనే అడ్వైజర్‌ని కలిశాను. ఆవిడ నా ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల పత్రం) ప్రింట్ తీసి, పెన్సిల్ చేతికిచ్చి, "ప్రతి ఎఫ్ పక్కన నువ్వు ఆఖరిసారి క్లాసుకు వెళ్లింది ఏ వారమో రాయి" అన్నారు. రాశాను. మూడింటి పక్కన నాలుగో వారం, ఐదో వారం అని పడింది. ఆ మూడూ పొద్దున ఎనిమిది గంటల క్లాసులు. నేను అప్పుడు నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేస్తున్నాను. మిగతా రెండింటికి చివరిదాకా వెళ్లాను, అయినా పోయాయి, ఎందుకంటే వాటికి కావలసిన లెక్కల పునాది నాకు లేదు. కాగితం మీద అలా చూసుకున్నాక ఒక సంగతి తేలిపోయింది. ఏ కాలేజీకి వెళ్లినా ఆ నైట్ షిఫ్టూ, ఆ లెక్కల లోటూ నాతోపాటే వస్తాయి.

అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా ముందు ఆ పెన్సిల్ పని చేయమంటాను. ఫెయిలవడానికి కారణం కాలేజీలో ఉందా, మీ దగ్గర ఉందా? ఇది తేలకుండా ఏది మేలో చెప్పలేం.

ఉన్నచోటే ఉండటానికి బలమైన వాదన లెక్కల్లో ఉంది. దీన్ని చాలామంది వేసి చూసుకోరు. నాదే తీసుకోండి. ఒక్కోటి 3 క్రెడిట్ల చొప్పున పది సబ్జెక్టులు, మొత్తం 30 క్రెడిట్లు. రెండింట్లో బి, మూడింట్లో సి, ఐదింట్లో ఎఫ్. 4 పాయింట్ల స్కేలు మీద బికి 3, సికి 2, ఎఫ్‌కి సున్నా. అన్నీ కలిపితే 36 పాయింట్లు, 30తో భాగిస్తే 1.2. పోయినవాటి జోలికి వెళ్లకుండా రెండో ఏడాది ఇంకో 30 క్రెడిట్లు చదివితే, మొత్తం జీపీఏ 2.0కి రావడానికే ఆ ఏడాదంతా 2.8 తెచ్చుకోవాలి. 2.5 కావాలంటే 3.8 తేవాలి. అప్పటిదాకా ఫెయిలవుతూ వచ్చిన మనిషికి అది కొండంత పని.

అదే, పోయిన ఐదింట్లో మూడింటిని అక్కడే మళ్లీ చదివి బి తెచ్చుకుంటే? పాత ఎఫ్‌ను తీసేసి కొత్త గ్రేడునే లెక్కలోకి తీసుకునే నియమం ఉన్న కాలేజీలో జీపీఏ 2.1కి చేరుతుంది. మూడే మూడు సబ్జెక్టులతో! రెండు గ్రేడ్లనూ కలిపి లెక్కించే కాలేజీలో మాత్రం 1.62 దగ్గరే ఆగిపోతుంది. ఈ నియమం కాలేజీని బట్టి మారుతుంది, ఎన్ని సబ్జెక్టులకు వర్తిస్తుందన్న దానికీ తరచూ పరిమితి ఉంటుంది. ఇంకోటి, సాధారణంగా అదే కాలేజీలో మళ్లీ చదివితేనే ఈ సదుపాయం. వెళ్లిపోతే ఆ ఎఫ్‌లు పాత ట్రాన్స్‌క్రిప్ట్ మీద అలాగే ఉండిపోతాయి.

ఉండిపోవడంలో కష్టం లేదని కాదు. గ్రేడ్లు మెరుగుపడకపోతే తీసేస్తామని హెచ్చరించే ప్రొబేషన్ లెటర్ వస్తుంది. స్నేహితులు ముందుకు వెళ్లిపోతారు, మనం జూనియర్ల మధ్య కూర్చోవాలి. మొదటి రెండు వారాలు నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. మూడో వారానికి ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థమైంది. డబ్బు వైపు నుంచి కూడా ఒక చిక్కుంది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం మీద చదివేవాళ్లు డిగ్రీకి కావలసిన క్రెడిట్లకు 150 శాతం మించకుండా చదువు ముగించాలి. అందుకని చాలా కాలేజీలు మొదలుపెట్టిన క్రెడిట్లలో 67 శాతమైనా పాసవ్వాలంటాయి. నాది 30కి 15, అంటే 50 శాతమే. అనారోగ్యం, ఇంట్లో మరణం లాంటి కారణాలుంటే అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలు పెట్టకుండానే సాయం పోయిందని చదువు మానేసినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఇక మారడం. ఇందులో నిజమైన లాభం ఒకటుంది. చాలా కాలేజీలు బయటి నుంచి వచ్చిన క్రెడిట్లను తీసుకుంటాయి గానీ గ్రేడ్లను తమ జీపీఏలో కలపవు. అంటే కొత్త చోట లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సాధారణంగా సి, అంతకంటే పైన వచ్చినవే చెల్లుతాయి కాబట్టి నాకు 30లో 15 క్రెడిట్లు దక్కేవి, అవీ కొత్త డిగ్రీకి పనికొచ్చేవైతేనే. కానీ పాత రికార్డు చెరిగిపోతుందనుకుంటే పొరపాటు. పీజీకి అప్లై చేసినప్పుడు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌లోనూ అంతే. పాత కాలేజీ పేరు దాచి కొత్త విద్యార్థిలా చేరిపోదామన్న ఆలోచన మాత్రం వద్దు. అమెరికాలో నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ రికార్డుల ద్వారా ముందు ఎక్కడ చదివారో కాలేజీలు చూడగలవు. దాచినట్టు తేలితే చేరాక కూడా సీటు పోవచ్చు.

పైగా 1.2తో తలుపు తెరిచేవాళ్లు తక్కువ. 2.0, 2.5 కనీసం ఉండాలనే చోట్లే ఎక్కువ, ప్రొబేషన్‌లో ఉన్నారా అనీ అడుగుతారు. ఆ పరిస్థితిలో దొరికే కాలేజీ, మనం కోరుకున్నది కాకుండా మనల్ని తీసుకున్నది అవుతుంది.

అయినా మారడమే సరైన సందర్భాలున్నాయి. నాతో చదివిన ఒక అమ్మాయికి ఇంజనీరింగ్ సబ్జెక్టులన్నీ పోయాయి, స్టాటిస్టిక్స్‌లో మాత్రం ఏ గ్రేడు వచ్చింది. మా కాలేజీలో స్టాటిస్టిక్స్ డిగ్రీయే లేదు. తను అక్కడ ఇంకో ఏడాది ఉండి ఏం చేస్తుంది? ఆ ఒక్క ఏ గ్రేడు చుట్టూనే ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ వ్యాసం రాసింది. మొదటి పేరాలోనే ఎఫ్‌ల గురించి దాచకుండా చెప్పి, తర్వాతదంతా స్టాటిస్టిక్స్ గురించి రాసింది. వెళ్లింది, బాగా చదివింది. కావలసిన కోర్సు లేకపోవడం, వేధింపులు, భరించలేని ఫీజు, రోజులో సగం ప్రయాణానికే పోవడం లాంటివైతే కారణం కాలేజీతో ముడిపడి ఉన్నట్టే. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది, ఎక్కువమందికి నేను చెప్పేది అదే. ఒక్క సెమిస్టర్, తక్కువ సబ్జెక్టులతో, ఉన్నచోటే గానీ చిన్న కాలేజీలో గానీ బాగా చదవడం, ఆ తర్వాత మారాలా వద్దా అని తేల్చుకోవడం. అడ్మిషన్లు చూసేవాళ్లకు ఎఫ్‌ల తర్వాత వచ్చిన మంచి గ్రేడ్లు ఏ సంజాయిషీ కన్నా ఎక్కువ చెబుతాయి. మనకూ, మార్చుకోవలసింది మార్చుకున్నామో లేదో తెలుస్తుంది.

ఏడాది విరామం గురించి క్లుప్తంగానే చెబుతాను. డిప్రెషన్, జబ్బు, ఇంట్లో పెద్ద కష్టం ఉంటే విరామమే అన్నిటికన్నా ముందు. సగం ఓపికతో మళ్లీ చేరితే మరిన్ని ఎఫ్‌లే మిగులుతాయి. జబ్బు చేసిన సెమిస్టర్‌ను వైద్య కారణాల మీద వెనక్కి వెళ్లి విత్‌డ్రా చేసుకునే వీలు కొన్ని కాలేజీల్లో ఉంది, ఎఫ్‌లు డబ్ల్యూలుగా మారతాయి. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు మాత్రం జాగ్రత్త. సాధారణంగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గించినా, విరామం తీసుకున్నా వీసా స్టేటస్‌కే ముప్పు.

నేను నైట్ షిఫ్ట్ మానేశాను. డబ్బుకు ఇబ్బంది పడ్డాను, శని ఆదివారాల పని చూసుకున్నాను. లెక్కల కోసం అన్నిటికన్నా కింది కోర్సులో కూర్చున్నాను. పొద్దుటి క్లాసులు మూడూ మళ్లీ చదివి 2.1కి చేరాక, ఆ సగం నింపిన అప్లికేషన్లు మళ్లీ తెరిచి చూశాను. రెండింటికి ఇప్పుడు నాకు అర్హత ఉంది. వాటిలో నాకు కావలసింది ఏదీ లేదని కూడా అప్పుడే కనిపించింది. ఇంట్లో ఆ రాత్రే అంతా చెప్పాను.