అశోక్‌నగర్‌లో వర్తమాన వ్యవహారాల మాక్ బోర్డు: బోర్డు మేలు, పుస్తకం దండగ

సివిల్స్ మెయిన్స్ గట్టెక్కి ఇంటర్వ్యూ పిలుపు అందుకున్నవారి కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ఒక శిక్షణ సంస్థ, వర్తమాన వ్యవహారాల మీదనే ప్రశ్నలు వేసే మాక్ బోర్డును, అంటే అసలు ఇంటర్వ్యూకు ముందు సాధన చేయించే నమూనా బోర్డును, నడుపుతోంది. రాతకు 1750, ఇంటర్వ్యూకు 275 మార్కులు ఉండే ఈ పోటీలో పది పదిహేను మార్కుల తేడాకే సర్వీసు మారిపోతుంది గనుక, దీనికి డబ్బు పెట్టవచ్చా అన్న సందేహం అభ్యర్థులకు సహజమే. చాలా సంస్థలు మాక్‌లను ఉచితంగానే పెడతాయి. ఫలితాలు వచ్చాక మన ఫొటో వారి ఫ్లెక్సీకి ఎక్కడమే ఆ ఉచితానికి ఖరీదు. ఇక్కడ రుసుము తీసుకుంటారు, ఫొటో అడగరు.

బోర్డులో ఒక విశ్రాంత అధికారి, ఒక రాజనీతి శాస్త్ర అధ్యాపకురాలు, ఒక సీనియర్ పాత్రికేయుడు కూర్చుంటారు. నా దరఖాస్తులో సొంత జిల్లా నల్లగొండ అని చూడగానే ఆ అధికారి, "కృష్ణా నీళ్ల విషయంలో న్యాయం ఎవరి వైపు ఉందండీ?" అన్నారు. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు కేటాయించిందని, 2015 నాటి తాత్కాలిక ఏర్పాటులో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 వచ్చాయని నేను ఏకరువు పెట్టాను. "అంకెలు సరే. రేపు మిమ్మల్ని పల్నాడులో వేస్తే, సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఏం చెబుతారు?" అని ఆయన వెంటనే అడిగారు. ఆ ప్రశ్నకు ట్రిబ్యునళ్ల చరిత్రలో జవాబు దొరకదు.

తరువాత జరిగిన విశ్లేషణే ఈ సేవలో అసలు సరుకు. పరీవాహక ప్రాంతాన్ని బట్టి వాటా కావాలన్న తెలంగాణ వాదాన్ని, ప్రాజెక్టులవారీగా ఇదివరకే ఉన్న కేటాయింపులను కదపరాదన్న ఆంధ్రప్రదేశ్ వాదాన్ని, ఆ రాష్ట్రంవారే విన్నా తప్పుపట్టలేనంత నిజాయితీగా ముందు చెప్పాలని, ఆ తరువాత మన అభిప్రాయాన్ని దాని ఆధారంతో సహా ఒక్క వాక్యంలో పెట్టాలని, చివరకు నీటి విడుదల వంతులను ముందుగా ప్రకటించడం వంటి, అధికారి చేతిలో నిజంగా ఉండే పనికి రావాలని వారు విడమరిచారు. ఎస్సీ వర్గీకరణను అనుమతించిన 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు 6–1 మెజారిటీతో వచ్చిందని చెప్పి ఊరుకుంటే అధ్యాపకురాలు ఒప్పుకోరు. విభేదించిన జస్టిస్ బేలా త్రివేది వాదనను కూడా చెప్పిస్తారు.

రుసుముతో పాటు అంటగట్టే ఆదర్శ సమాధానాల పుస్తకం మాత్రం దండగ. అందులో ప్రతి అంశానికీ లాభాలు, సవాళ్లు, ముందున్న మార్గం అనే ఒకే అచ్చు. జమిలి ఎన్నికల మీద నా ముందు వెళ్లిన అభ్యర్థి, నా తరువాత వెళ్లిన అభ్యర్థి బోర్డు ఎదుట చెప్పినది అక్షరాలా ఒకే వాక్యమని బయటకు వచ్చాక మాటల్లో తేలింది. రోజంతా అభ్యర్థులను చూసే అసలు బోర్డుకు ఆ వాక్యం ఎంత విసుగు పుట్టిస్తుందో ఊహించుకోవచ్చు.

తెలుగులో మెయిన్స్ రాసి తెలుగులోనే ఇంటర్వ్యూ ఇవ్వదలచినవారికి ఇక్కడ సగం ప్రయోజనమే. సభ్యులు తెలుగులో అడుగుతారు, కానీ దుబాసీని కూర్చోబెట్టరు. మన జవాబు మరొకరి నోట హిందీలోకో ఇంగ్లీషులోకో మారేటప్పుడు వాక్యాలను ఎక్కడ ఆపాలో సాధన చేసే అవకాశం ఉండదు. తెలంగాణ గ్రూప్-1కు 2022లోనే ఇంటర్వ్యూ ఎత్తివేశారు కాబట్టి దానికి చదువుతున్నవారికి దీనితో పని లేదు.

పాత్రికేయుడు అన్ని రోజులూ రారు. ఆయన లేని రోజున ప్రశ్నలు పాఠ్యపుస్తకం వైపు జారుతున్నాయని రెండోసారి వెళ్లినప్పుడు గమనించాను; స్లాట్ తీసుకునే ముందు ఆ రోజు బోర్డులో ఎవరుంటారో ఫోన్ చేసి అడిగితే వారు దాచకుండా చెబుతారు.