స్టాఫర్ 21 మెట్ల పట్టీ: గమ్ ప్రింటింగ్‌లో ఎండకు కొలత

గమ్ బైక్రోమేట్ పద్ధతిలో ఫొటోలు ముద్రించుకునేవారిని అన్నిటికన్నా తికమక పెట్టేది ఎక్స్‌పోజరే. బంక, నీటిరంగు, పొటాషియం డైక్రోమేట్ కలిపిన పూత మీద అతినీలలోహిత కాంతి పడినచోట బంక గట్టిపడి రంగును కాగితానికి పట్టి ఉంచుతుంది, పడనిచోట నీళ్లలో కరిగిపోతుంది. అయితే ఎంతసేపు ఎండలో పెట్టాలన్నది రంగును బట్టి, పూత మందాన్ని బట్టి, గాలిలోని తేమను బట్టి మారిపోతూ ఉంటుంది. రెండేళ్లు ఊహనే నమ్ముకుని చాలా కాగితం పాడుచేసుకున్నాక స్టాఫర్ టి2115 స్టెప్ టాబ్లెట్ కొన్నాను.

ఇది అర అంగుళం వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉన్న ఫిల్ము పట్టీ. దాని మీది 21 మెట్లలో ఒక్కొక్క మెట్టుకు సాంద్రత (కాంతిని ఆపే నలుపు కొలత) 0.15 చొప్పున పెరుగుతుంది, అంటే రెండు మెట్లు దాటేసరికి కాంతి సగమవుతుంది. దీన్ని నెగెటివ్ పక్కనే పూత మీద ఉంచి, అద్దంతో బిగించి, రెండింటికీ కలిపి ఎండ చూపించాలి.

మార్చి నెలలో మిట్టమధ్యాహ్నం మేడ మీద, ఒకే రకం పూత వేసిన రెండు కాగితాలను మూడు నిమిషాలు, ఆరు నిమిషాలు ఉంచి, ఆపైన మామూలు నీళ్లలో బోర్లా వేసి అరగంట తేలనిచ్చాను. మొదటి కాగితం మీద నాలుగో మెట్టు దాకా నీలం నిలిచింది. రెండో దాని మీద ఆరో మెట్టు దాకా నిలిచింది గానీ, మొదటి మూడు మెట్ల మధ్య గీతలు చెరిగిపోయి ఒకే ముదురు పలకలా కలిసిపోయాయి. సమయం రెట్టింపు చేసినందుకు వెలుగు భాగంలో రెండు మెట్లు దక్కాయి, నీడ భాగంలో రెండు పోయాయి. ఒక్క పూతతో రెండూ దక్కవని ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు స్పష్టమైంది. అప్పటినుంచి పలుచని రంగుతో ఒక పూత వేసి ఎక్కువసేపు, దాన్ని కడిగి ఆరబెట్టాక చిక్కని రంగుతో మరో పూత వేసి తక్కువసేపు ఎండ చూపిస్తున్నాను.

దీని మరో ఉపయోగం నేను ఊహించనిది. 21వ మెట్టు గుండా వెయ్యో వంతు కాంతి కూడా దిగదు కాబట్టి, అక్కడ కూడా రంగు మిగిలితే తప్పు ఎండది కాదు, కాగితం సైజింగ్‌ది (రంగు కాగితంలోకి ఇంకకుండా ముందే వేసే పూత) గానీ, పూత వేసిన కాగితాన్ని ఎక్కువసేపు నిల్వ ఉంచడంది గానీ అయి ఉంటుంది. వానాకాలంలో ఈ ఒక్క గుర్తు నాకు ఎంతో శ్రమ తప్పించింది.

పట్టీ సన్నం కనుక గరుకు కాగితం మీద కుంచె చారలు పడితే మెట్లు సరిగా కనిపించవు. ప్రతి కొలతా రెండుసార్లు తీసుకోవడం మంచిది. సాంద్రతలు కొలిచి ఇచ్చే ఖరీదైన రకం కూడా దొరుకుతుంది గానీ గమ్ పనికి మామూలుదే చాలు. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం కాబట్టి చేతి తొడుగులు లేకుండా పూతను ముట్టుకోకూడదు. పట్టీకి తడి అంటకుండా పూత పూర్తిగా ఆరాక, మధ్యలో పలుచని పారదర్శక ఫిల్ము ఒకటి పరచి ఆపైన పట్టీ పెట్టాలి.