పాత వాడకు ఎవరొస్తే మేలు: బిల్డరా, బొమ్మలేసేవాళ్లా?

కర్నూలు పాతబస్తీలో మిద్దె పాతబడితే ఇంటాయన ముందు ఆలోచించేది డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం గురించే. స్థలం ఆయనది, కట్టే ఖర్చు బిల్డరుది, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఇళ్లలోకొచ్చిన ఊరిది. గట్టి పిల్లర్ల మీద ఇల్లు కావాలనుకోవడం అత్యాశ కాదు. కానీ ఆ ఒప్పందంలో కింది గదిలో మిషను కుట్టుకుని బతికే బాడుగ మనిషి పేరు ఉండదు. అతని చేతిలో ఉండేది 11 నెలల అగ్రిమెంటు. చాలామందికి అదీ ఉండదు. ఈ అన్యాయం గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడరు, నాకు బాధంతా అక్కడే.

రెండో దారి: ఖాళీ మిద్దెల్లో చిత్రకారులకు, నాటకాలవాళ్లకు చోటిచ్చి, గోడలకు బొమ్మలు వేయించి, కొండారెడ్డి బురుజు చూసిపోయేవాళ్లను వీధుల్లోకి తీసుకురావడం. ఇళ్లు కూల్చే పని లేదు, టీ అంగళ్లకూ బేరం పెరుగుతుంది. నా మనసు ఇటే మొగ్గుతుంది. ఢిల్లీ లోధీ కాలనీ గోడల బొమ్మలతోనే పేరు తెచ్చుకుంది. అయితే అవి ప్రభుత్వ క్వార్టర్లు, గోడకు రంగు పడిందని బాడుగ పెంచే యజమాని అక్కడ లేడు. పాతబస్తీలో ఉంటాడు.

న్యూయార్క్ సోహోలో జరిగింది అదే. ఫ్యాక్టరీలు వదిలేసిన అంతస్తుల్లో 1960లలో కళాకారులు చేరారు. 1971లో నగరం వాళ్ల కాపురానికి చట్టబద్ధత ఇచ్చింది. వాడకు పేరొచ్చాక డబ్బున్నవాళ్లు, ఖరీదైన షాపులు దిగాయి. 1990లలో గ్యాలరీలే బాడుగ భరించలేక అదే ఊళ్లోని చెల్సీ అనే వాడ వైపు కదిలాయి.

అమెరికాలోనే హ్యూస్టన్‌లో మరోలా జరిగింది. 1993లో రిక్ లోవ్, తోటి కళాకారులు థర్డ్ వార్డ్ అనే వాడలో పాడుబడిన 22 చిన్న ఇళ్లను బాగుచేశారు. కొన్నింటిని కళకు ఉంచి, కొన్నింటిని చదువుకుంటున్న ఒంటరి తల్లులకు ఇచ్చారు. ఇళ్లు ఆ కళాకారులు పెట్టిన సంస్థ చేతిలోనే ఉన్నాయి కాబట్టి వాడకు పేరొచ్చినా వాళ్లను ఖాళీ చేయించే యజమాని లేడు.

అందుకే గోడలు గట్టిగా ఉన్న మిద్దెలకు కళాకారులే మేలంటాను. కాకపోతే రంగు డబ్బా తెరవకముందే అక్కడున్న బాడుగవాళ్లకు కనీసం ఐదేళ్ల లీజు రిజిస్టరు చేసి, ఏటా ఎంత పెంచాలో అందులోనే రాయాలి. కూలేలా ఉన్న కట్టడమైతే బిల్డరుకే ఇవ్వాలి. అప్పుడు కూడా ఆ కుట్టుమిషను మనిషికి కింద ఒక గది, పాత బాడుగకు దగ్గరగా, డెవలప్‌మెంట్ అగ్రిమెంటులోనే రాయించాలి.