మంచం పక్క పిలుపు గంటకు కొన్న బటన్ సెట్టు: బటన్ బాగుంది, వైరు బాగాలేదు

తుంటి ఎముక ఆపరేషన్ తరువాత మా నాయనమ్మ మంచం దిగే పరిస్థితి లేకపోవడంతో, ఆమె నొక్కితే వంటింట్లో గంట మోగే ఏర్పాటు చేయడానికి, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్లకు కలుపుకునే ఒక బటన్ సెట్టును నాలుగు నెలల క్రితం కొన్నాను. అరచేతిలో ఇమిడే పెద్ద బటన్, దాని లోపల చిన్న ఎల్‌ఈడీ, ఎనిమిది మీటర్ల చదును వైరు, ఒక సూచనల కాగితం అందులో వచ్చాయి. ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై 3 బీ ప్లస్ బోర్డుకు దీన్ని కలిపాను.

ముందుగా బటన్ గురించి చెప్పాలి, ఎందుకంటే దాని తయారీలో నాకు లోపమేమీ కనిపించలేదు. కీళ్లు పట్టేసిన వేళ్లతో కూడా సులువుగా లోపలికి దిగుతుంది, దిగినట్టు వేలికి స్పష్టంగా తెలుస్తుంది, చీకట్లో ఎల్‌ఈడీ వెలుగు చూసి చేయి చాపవచ్చు. చిక్కంతా దానితో పాటు ఇచ్చిన వైరులోనూ, కాగితంలోనూ ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున గంట మోగితే అమ్మ పరుగున వెళ్లింది. "నేను పిలవలేదే, నిద్రలో ఏమైనా విన్నావేమో, వెళ్లి పడుకోమ్మా" అంది నాయనమ్మ. ఆ రోజే మరో నాలుగుసార్లు అలా జరిగింది. అబద్ధపు పిలుపులకు అలవాటుపడి నిజమైన పిలుపును ఎక్కడ నిర్లక్ష్యం చేస్తామోనన్న భయంతో నేను ఈ పని పట్టుకున్నాను.

ప్రతి నొక్కునూ మిల్లీ సెకన్లతో సహా నమోదు చేసే చిన్న ప్రోగ్రాం రాసి, నిజంగా పిలిచిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టమని అమ్మను అడిగాను. ఒక రోజు గడిచేసరికి కాగితం మీద 11 గీతలు ఉంటే కంప్యూటర్ 46 నొక్కులు లెక్కపెట్టింది. ఎక్కువగా వచ్చిన వాటిని కాలక్రమంలో చూస్తే అవి రెండు రకాలని తేలింది. కొన్ని అసలు నొక్కు వెంటనే, పది పదిహేను మిల్లీ సెకన్ల లోపే వచ్చాయి. లోపలి లోహపు రేకులు తాకగానే స్థిరపడకుండా కొన్నిసార్లు ఎగిరి మళ్లీ తాకడం వల్ల కలిగే ఈ గుణం దాదాపు ప్రతి బటన్‌కూ ఉంటుంది. మిగిలినవి బటన్ జోలికి ఎవరూ వెళ్లని వేళల్లో, బోరు మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్ ఆగినప్పుడో, ట్యూబ్‌లైటు వెలిగినప్పుడో వచ్చాయి.

సూచనల కాగితం ఈ రెండింటికీ ఒకే మందు చెబుతుంది: ప్రోగ్రాంలో బౌన్స్ టైమ్ (ఒక నొక్కు తరువాత వచ్చేవాటిని పట్టించుకోని వ్యవధి) 200 పెట్టుకోండి అని. మొదటి రకం దానితో పూర్తిగా పోయింది, రెండోది అలాగే ఉంది. బోర్డు పిన్నులను ప్రోగ్రాం నుంచి చదవడానికి నేను వాడిన ఆర్‌పీఐ జీపీఐఓ అనే లైబ్రరీలో (సిద్ధంగా దొరికే కోడ్‌లో) ఆ అమరిక మొదటి మార్పును నొక్కుగా స్వీకరించి, ఆ తరువాత వచ్చేవాటినే కొంతసేపు పట్టించుకోదు. కనుక మోటారు పుట్టించిన ఒంటరి కుదుపు దానికి అసలైన నొక్కులాగే కనిపిస్తుంది. ఆ అంకెను 1000కి పెంచినా ఫలితం లేదు. పైగా కాగితంలో ప్రమాణం రాయలేదు: ఈ లైబ్రరీలో అది మిల్లీ సెకన్లు, అదే పనికి వాడే జీపీఐఓ జీరో అనే మరో లైబ్రరీలో సెకన్లు. అక్కడ 200 అని రాస్తే బటన్ మూడు నిమిషాలకు పైగా మూగబోతుంది.

దోషం ఎక్కడుందో తేల్చడానికి ముందుగా బోర్డు దగ్గర వైరు ఊడదీసి మోటారు వేసి చూశాను. ఒక్క తప్పుడు నొక్కూ రాలేదు. తరువాత వైరును బోర్డుకు కలిపి, రెండో కొసన బటన్‌ను తీసేశాను. బటనే లేకపోయినా నొక్కులు వచ్చాయి! ఎనిమిది మీటర్ల వైరు ఏంటెనాలా పనిచేస్తోంది. బటన్ వైరు కలిపే బోర్డు పిన్నును, నొక్కనప్పుడు ఒకే వోల్టేజీ వద్ద స్థిరంగా పట్టి ఉంచడానికి బోర్డు లోపలి రెసిస్టర్ చాలని కాగితం చెబుతుంది, కానీ దాని విలువ సుమారు 50 కిలో ఓమ్‌లు. బెత్తెడు వైరుకు సరిపోయే ఆ పట్టు, కరెంటు తీగల పక్కనే గోడ వెంట సాగే ఇంత పొడుగు వైరుకు సరిపోదు.

అందుకే వారిచ్చిన వైరు పక్కనపెట్టి, ల్యాన్ కేబుల్‌లోని మెలివేసిన ఒక జతను కరెంటు తీగలకు దూరంగా లాగాను. బటన్‌ను 3.3 వోల్టులకు బదులు గ్రౌండుకు (సున్నా వోల్టుల పిన్నుకు) కలిపి, సిగ్నల్ వైరు నుంచి 3.3 వోల్టులకు 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి పిన్నుకు మరో 1 కిలో ఓమ్, పిన్ను దగ్గర గ్రౌండుకు, క్షణికమైన కుదుపులను మింగే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం పెట్టాను. (బోర్డు మీద జీపీఐఓ 2, 3 అనే పిన్నులకు బోర్డు మీదే 1.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు 3.3 వోల్టులకు కలిపి ఉంటాయి. వాటిని మరో పనికి వాడనివారికి మొదటి రెసిస్టర్ అక్కర్లేదు.) ప్రోగ్రాంలో కూడా మార్పు కనబడగానే గంట కొట్టకుండా, 30 మిల్లీ సెకన్లు ఆగి, పిన్ను ఇంకా నొక్కిన స్థితిలోనే ఉంటే మోగించమని రాశాను. మూడు నెలలుగా మోటారు రోజూ నడుస్తూనే ఉంది, ఒక్క తప్పుడు పిలుపూ రాలేదు.

అమ్మినవారికి ఇదంతా వివరంగా రాస్తే బోర్డు మార్చి చూడమని జవాబిచ్చారు. కొద్ది రూపాయల రెసిస్టర్లు, కెపాసిటర్ పెట్టెలో వేసి, వైరును మెలివేసి ఇస్తే కొన్నవారికి ఈ తిప్పలు ఉండవు. అంతకంటే ముందు సరిదిద్దవలసింది వైర్ల రంగు: ఎల్‌ఈడీకి వెళ్లే 5 వోల్టుల వైరూ, సిగ్నల్ వైరూ రెండూ ఎరుపే. 3.3 వోల్టులకు మించి భరించలేని పిన్నుకు పొరపాటున 5 వోల్టులు తగిలితే బోర్డే పాడవుతుంది. మల్టీమీటర్‌తో చూసుకోకుండా కలపవద్దని కొనేవారిని కోరుతున్నాను.

బటన్ ఒక్కదానికే అయితే ఐదుకు ఐదు ఇస్తాను, సెట్టు మొత్తానికి రెండున్నర. బోర్డు పక్కనే బటన్ అమర్చుకునేవారు దీన్ని కొనవచ్చు. గది దాటించి వైరు లాగేవారు మాత్రం బటన్ విడిగా దొరికితే అదే తీసుకోండి.